మూడు చుక్కల మనిషి

మణికట్టు ఇక లొంగనంది.
పదకొండేళ్లుగా రుబ్బురోలు నన్ను తిప్పుతోందో
నేను దాన్ని తిప్పుతున్నానో
గుణుపురం స్టేషన్ రోడ్డులో ఎవరికీ తేలలేదు.
తెల్లవారి బండి ఎక్కేవాళ్లు ఇడ్లీ అడుగుతారు,
చేతి సంగతి అడగరు.

సరే, గ్రైండర్ కొందామని
బడ్డీ మూశాక ఫోను తెరిచాను.
ఏది చూసినా ఐదు చుక్కలే.
ఆకాశంలో కూడా అన్ని లేవు, ఆ రాత్రి మబ్బు.
"సూపర్" అని ఒకరు, "సూపర్ సూపర్" అని ఇంకొకరు,
డబ్బులిచ్చి పిలిచిన మేళంలా ఒకటే వాయింపు.
ఒకాయన ఇంకా పెట్టె విప్పలేదట, ఐదు.
ఒకావిడతో డెలివరీ కుర్రాడు మర్యాదగా మాట్లాడాడట, ఐదు.
మంచిదే తల్లీ, పప్పు అతను రుబ్బుతాడా?
ఇంకెవరికో రంగు నచ్చలేదు,
ఒకే చుక్క విసిరి శాపనార్థాలు పెట్టారు.

వంకాయ కొనేటప్పుడు నిగనిగలు చూడను,
తొడిమ దగ్గర సూదిమొనంత కన్నం కోసం చూస్తాను.
ఇక్కడ తొడిమ ఎక్కడుందో
చాలాసేపు తెలియలేదు.

పొద్దున త్రినాథ్ బిసోయిని అడిగాను.
మోటార్లు చుడతాడు, వేళ్లకి ఎప్పుడూ వార్నిష్ వాసన,
ఒడియాలో మొదలెట్టి తెలుగులో ముగిస్తాడు.
"నా కొట్టుకి రానిది కొనుక్కో అప్పా" అన్నాడు.
రిపేరు కుప్పంతా వెతికితే
ఒక్క కంపెనీ పేరు లేదు. సంబరపడ్డాను.
టీ సగం తాగి మళ్లీ అన్నాడు:
"రానేదంటే మంచిదని కాదు,
ఈ ఊర్లో ఎవులూ కొన్లేదేమో గూడా."

ఆ రాత్రి ఐదుల్ని దాటాను, ఒకట్లను దాటాను.
అడుగున మూడు చుక్కలతో ఒకతను,
ఊరు కాశీనగరం, పేరు దుర్యోధన.
నమ్మమని చెప్పే పేరేం కాదు.
తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు:

"ఎనిమిది నెలలు వాడినాను.
సాయంత్రం కరెంటు నూట డెబ్బైకి పడితే
రాయి తిరగదు, మూలుగుతాది. పగలే రుబ్బుకోండి.
ఏడో నెల బెల్టు తెగింది. పర్లాకిమిడిలో దొరకలేదు,
బరంపురం పోయి తెచ్చినాను,
బెల్టు కన్నా బస్సు ఖర్చు ఎక్కువ.
అయినా దీన్ని అమ్మను."

కింద ఒక ఫోటో.
గ్రైండర్ వెనక గోడకి పసుపు మరక,
చీరపీలికతో కట్టిన స్టెబిలైజరు,
అంచున పిండిలోకి పోతున్న ఎవరో గుంట వేళ్లు.
ఫోటో కోసం ఎవరూ తుడవని గోడ.
నేను నమ్మింది ఆ మరకని.
"ఉపయోగపడింది" అని అప్పటికి ఇద్దరే నొక్కారు,
నాతో ముగ్గురు.

పెట్టె వచ్చింది. లోపల తళతళల కార్డు:
ఐదు చుక్కలు పెట్టి ఫోటో పంపితే నూటయాభై.
కిలో మినప్పప్పు, పైన చిల్లర.
రెండు రోజులు దాన్ని పోపులపెట్టెలో దాచాను,
అబద్ధమెందుకు.
మూడోనాడు గ్రైండరు ఒక కాలు కుంటుతోందని కనిపెట్టి
కార్డుని నాలుగు మడతలు పెట్టి కిందికి తోశాను.
అంతవరకు బాగానే పనికొచ్చింది.

వానలు వెళ్లి
వంశధారలో ఎర్రనీళ్లు తేరుకున్నాక
నేనూ రాశాను:

"నాలుగు నెలలైంది. పిండి మెత్తగా వస్తోంది,
మోత మాత్రం మిల్లంత.
నానని పప్పు వేయకండి. ఒక కాలు పొట్టి.
బెల్టు ఇంకా తెగలేదు, అయినా ఒకటి తెచ్చి పెట్టుకున్నాను.
చేతి నొప్పి పూర్తిగా పోలేదు, అది యంత్రం తప్పు కాదు.
నమ్మకపోతే గుణుపురం బండి దిగి రండి,
తిని చెప్పండి."

చుక్కల దగ్గర వేలు ఆగింది.
మూడా, నాలుగా అని చూస్తుండగానే
కరెంటు కిందికి పడింది.
లోపల రాయి మూలిగి, ఆగబోయి,
మళ్లీ తిరిగింది.